ఒకే టెలిస్కోప్, ఒకే ఐపీస్: ఆయనకి కనబడింది నాకెందుకు కనబడలేదు?

మిద్దె_మీద (కర్నూలు)

అందరికీ నమస్కారం. మందుల షాపు నడుపుతాను. షాపు మూసేసరికి రాత్రి పది దాటుతుంది, ఆ తర్వాతే ఆకాశం. నా దగ్గర ఆరంగుళాల డాబ్సోనియన్ (చేత్తో తోసి తిప్పుకునే అద్దం టెలిస్కోప్) ఉంది, ఎఫ్/8, అంటే ఫోకల్ దూరం 1200 మి.మీ. ఐపీస్‌లు (కన్ను పెట్టి చూసే కటకాలు) రెండు: 25 మి.మీ., 10 మి.మీ. చంద్రుడు, గురుడు, శని వరకు నాకే ఇబ్బందీ లేదు. గెలాక్సీలు, నెబ్యులాల దగ్గరే ఆగిపోయాను.

పోయిన అమావాస్యకి ఆత్మకూరు దాటాక శ్రీశైలం రోడ్డు వైపు ఒక మామిడితోటలో కొందరం కలిశాం. మంచి చీకటి. నా టెలిస్కోప్‌లోనే ఎం51 అనే గెలాక్సీల జంటని పెట్టాను. నాకు పక్కపక్కన రెండు మసక ఉండలు కనబడ్డాయి, అంతే. మాతో వచ్చిన ఒక పెద్దాయన వంగి చాలాసేపు చూశారు. "చిన్నదాని నడుమ భాగం గట్టిగా ఉంది, పెద్దదాని చుట్టూ పొగ వెడల్పుగా ఉంది, అది కూడా అన్నివైపులా ఒకేలా లేదు" అన్నారు. వెంటనే మళ్ళీ నేను చూశాను. అవే రెండు ఉండలు.

కళ్ళ డాక్టరు చూపు బాగానే ఉందన్నారు. మరి నాకెందుకు కనబడదు? విటమిన్ ఎ మాత్రలు ఏమైనా పనిచేస్తాయా (షాపు మాదే కాబట్టి ఆ ఆలోచన వచ్చింది)? లేక పెద్ద టెలిస్కోప్‌కి మారిపోవాలా? డబ్బులు సర్దుకోవచ్చు గానీ, కొన్నాక కూడా ఉండలే కనబడితే బాధగా ఉంటుంది.

డాబ్_వీరుడు (హైదరాబాద్)

మేడమ్, పది అంగుళాలకి వెళ్ళిపోండి. ఆరుతో పోలిస్తే రెండున్నర రెట్లకి పైగా వెలుగు వస్తుంది. గెలాక్సీలకి అద్దం సైజు తప్ప మందు లేదు. నేను ఎనిమిదితో మొదలుపెట్టి అనవసరంగా ఆలస్యం చేశాను.

రాత్రి_షిఫ్ట్ (బెంగళూరు)

సైజు సంగతి తర్వాత. ఆ రాత్రి తోటలో ఎవరైనా ఫోన్ తీశారా? కారు తలుపు తెరిచారా? కంట్లో రంగులు చూసే కోన్లు పది నిమిషాల్లోనే చీకటికి అలవాటు పడతాయి. మసక వెలుగు పట్టే రాడ్లకి అరగంట దాకా పడుతుంది. ఒక్కసారి తెల్లటి స్క్రీన్ చూస్తే ఆ అరగంట మళ్ళీ మొదటినుంచి లెక్క. స్టార్ మ్యాప్ యాప్‌లో "నైట్ మోడ్" ఉంది కదా అని నమ్మకండి, చాలా ఫోన్లలో అది కూడా ఎక్కువ వెలుగే. నేను స్క్రీన్ మీద ఎర్ర జెలటిన్ కాగితం రెండు మడతలు అంటిస్తాను. చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది కానీ పనిచేస్తుంది.

పాత_లోకో (గుత్తి)

అమ్మా, టెలిస్కోప్ మార్చొద్దు. అదే గొట్టంలోంచి ఆయనకి కనబడిందంటే ఆ వెలుగు మీ కంటిదాకా కూడా వచ్చినట్టే. మధ్యలో ఎక్కడ పోయిందో వెతకాలి.

నేను గుంతకల్లు డివిజన్‌లో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యాను. రాత్రి బండి నడిపేటప్పుడు మాకొక పద్ధతి ఉంటుంది. సిగ్నల్ కనబడగానే అసిస్టెంట్ దాన్ని పైకి చెప్పాలి, నేను కూడా చూసి పైకి చెప్పాలి. ఇద్దరికీ కనబడుతూనే ఉంది కదా, మళ్ళీ ఈ అరుపులు దేనికని కొత్తగా వచ్చిన పిల్లలు నవ్వుకుంటారు. నోటితో చెప్పాలంటే కన్ను తేల్చుకోక తప్పదు. "ఏదో లైటుంది సార్" అంటే కుదరదు. ఎల్లోనా, డబుల్ ఎల్లోనా? మన లైనుదా, పక్క లైనుదా? ఐపీస్ దగ్గర నాకు పనికొచ్చిన విద్య అదొక్కటే.

మీరు ఎం51 చూసి "రెండు ఉండలు" అని మనసులో అనుకున్నారు, అక్కడితో కన్ను పని ఆపేసింది. ఆ పెద్దాయన ఆపలేదు. ఈసారి ఒంటరిగా ఉన్నప్పుడు పైకి మాట్లాడుతూ చూడండి. పక్కన ఎవరైనా ఉంటే పిచ్చి అనుకుంటారు, అనుకోనివ్వండి. ఇది గుండ్రంగా ఉందా, కోలగా ఉందా? నడుమ ఒక్కసారిగా వెలుగు పెరిగిందా, మెల్లగా పెరిగిందా? అంచు తెగినట్టుందా, కరిగిపోయిందా? ఏ పక్క కరిగిపోయింది? పక్కనున్న చుక్కల్లో దగ్గరిది ఏది, ఎంత దూరం? వీటికి జవాబు తెలియకపోతే మళ్ళీ చూడాల్సిందే. ఒక్కో వస్తువుకి ఇరవై నిమిషాలు ఇవ్వండి. రాత్రికి మూడో నాలుగో చాలు. రాత్రికి నలభై మెస్సియేలు (ఎం51లా 'ఎం' నంబరున్న వస్తువులు) చూశామని లెక్క చెప్పేవాళ్ళున్నారు. స్టేషన్లో ఆగకుండా పోయే బండిలోంచి ఊరిపేరు బోర్డు చదవడమే అది.

ఇక కంటి సంగతి. సూటిగా చూస్తే బొమ్మ పడే చోట కోన్లే ఉంటాయి, రాడ్లు లేవు. అందుకని మసక వస్తువుని ఓరచూపుతో చూడాలి. ఇది అందరూ చెప్తారు, ఎటువైపు ఓరగా చూడాలో మాత్రం చెప్పరు. కుడికన్నుతో చూస్తుంటే చూపు కుడివైపుకి జరపండి, వస్తువు మీ ముక్కు వైపు ఉండాలి. ఎడమకంటికి దీనికి తిరగేసి. చూపు రెండోవైపుకి జరిపితే వస్తువు అంధబిందువు (కంట్లో ఏమీ కనబడని చోటు) దగ్గరికి పోతుంది, ఉన్నది కూడా మాయమవుతుంది. ఎంత జరపాలన్నది మనిషిని బట్టి మారుతుంది. పది, పదిహేను డిగ్రీల దగ్గర మొదలుపెట్టి మీ కంటికి ఏది కుదురుతుందో చూసుకోండి. ఓరచూపు కూడా ఒకే చోట నిలబెడితే వస్తువు మళ్ళీ కరిగిపోతుంది. కొంచెం అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టండి. కదిలే మసకని కన్ను తొందరగా పట్టుకుంటుంది.

25 మి.మీ. ఐపీస్‌తో ఆగిపోయారని నా అనుమానం. అది 48 రెట్లు. 10 మి.మీ. పెట్టి 120 రెట్లలో చూడండి. మసకవాటికి పవర్ పెంచకూడదని ఒక మాట బాగా తిరుగుతోంది. పవర్ పెంచితే గెలాక్సీ ఎంత మసకబారుతుందో ఆకాశం కూడా అంతే మసకబారుతుంది, రెండింటి మధ్య తేడా అలాగే ఉంటుంది. కానీ బొమ్మ పెద్దదవుతుంది. మసక వెలుగులో కంటికి పెద్ద బొమ్మ కావాలి. డాబ్‌లో అది జారిపోతుంటుంది, రెండు నిమిషాలకోసారి తోసుకోవాలి, ఆ విసుగు తప్పదు. నేనైతే ఒక అంచున పెట్టి రెండో అంచుదాకా దాని మానాన దాన్ని పోనిస్తాను. ఆ కదలిక కూడా మేలే చేస్తుంది.

మాత్రల సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. విటమిన్ ఎ తక్కువైతే రేచీకటి వస్తుంది. తక్కువ కానివాళ్ళు ఎక్కువ మింగితే చుక్కలు ఎక్కువ కనబడవు, ఒంటికి చేటు కూడా. ఆ డబ్బుతో మంచి చలువ కళ్ళద్దాలు కొనుక్కోండి. పగలంతా మన సీమ ఎండలో కళ్ళు మాడితే ఆ రాత్రి చీకటికి అలవాటు పడటం ఆలస్యమవుతుంది. ఇంకొకటి, కూర్చుని చూడండి. నడుము వంచి, ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళకి సగం చూపే. ఎత్తు మార్చుకునే స్టూలు, నెత్తిమీంచి ఐపీస్ దాకా కప్పుకోవడానికి నల్లటి దుప్పటి. నా దుప్పటి కింద దోమలు కూడా నాతోపాటే చూస్తుంటాయి.

పది అంగుళాలు వద్దని నేననను. చూడటం వచ్చినవాడి చేతిలో పది అంగుళాలు ఎక్కువ చూపిస్తాయి. రానివాడికి పెద్ద ఉండలు కనబడతాయి.

డాబ్_వీరుడు (హైదరాబాద్)

సార్, ఆ చివరి మాట నన్నేనా 😄

పాత_లోకో (గుత్తి)

మీ దగ్గర పది అంగుళాలున్నాయి కదా. ఎం51లో ఏం కనబడుతుందో రాయండి, అప్పుడు చెప్తాను.

కాక్టస్_తెలుగు (ఫీనిక్స్)

లోకో గారు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, ఒకటి మాత్రం కలుపుతాను: ముందు తెలుసుకుని చూడాలి. ఎం51నే తీసుకోండి. ఆ 'ఎం' జాబితా రాసిన మెస్సియే దాన్ని 1773లో చూశాడు. జాన్ హెర్షెల్ లాంటివాడు చూసి నడుమ ఒక ఉండ, చుట్టూ ఉంగరం అని గీశాడు. అందులో సర్పిలం ఉందని 1845లో ఐర్లండ్‌లో లార్డ్ రాస్ 72 అంగుళాల టెలిస్కోప్‌తో చూసి గీశాకే తెలిసింది. ఇవాళ చీకటి ఆకాశంలో ఎనిమిది, పది అంగుళాలతో ఆ మెలికల జాడ పట్టేవాళ్ళున్నారు. వాళ్ళ కళ్ళు హెర్షెల్ కళ్ళకంటే గొప్పవా? కాదు, ఏం వెతకాలో వాళ్ళకి తెలుసు. అందుకే నేను బయల్దేరేముందు ఫోటో బాగా చూసుకుని వెళ్తాను. మీరూ అలాగే చేయండి మేడమ్.

పాత_లోకో (గుత్తి)

బాబూ, మీ రాష్ట్రంలోనే ఫ్లాగ్‌స్టాఫ్ ఉంది కదా. 1894లో అక్కడ కొండమీద అబ్జర్వేటరీ కట్టిన లోవెల్ గారికి కూడా ఏం వెతకాలో ముందే తెలుసు. 1877లో ఇటలీలో స్కియాపరెల్లి అంగారకుడి మీద గీతలు చూశానన్నాడు. లోవెల్ వాటిని కాలువలన్నాడు, ఏళ్ళ తరబడి చూస్తూనే ఉన్నాడు, మ్యాపులు గీశాడు. 1909లో పారిస్ దగ్గర మూడాన్‌లో 83 సెంటీమీటర్ల టెలిస్కోప్‌తో, గాలి నిలకడగా ఉన్న రాత్రుల్లో ఆంటోనియాడి చూస్తే ఒక్క గీతా లేదు. మచ్చలూ మరకలూ తప్ప.

ఫోటో చూసుకుని వెళ్తే ఆరంగుళాల్లో కూడా మెలికలు కనబడతాయి. అవి ఆకాశంలో ఉన్నాయో, ఫోటోలో చూసినవో ఎవరు తేలుస్తారు? ఆరంగుళాల్లో చూశానని నేనే అనుకున్నా, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూస్తాను.

నా పద్ధతి ఇది: ముందు చూడు, గీసుకో, రాసుకో, తర్వాతే ఫోటో. ఫోటో చూశాక కావలిస్తే మళ్ళీ ఐపీస్ దగ్గరికి వెళ్ళు, అప్పుడు కనబడినది వేరే పేజీలో రాయి. మొదటి పేజీ దిద్దకూడదు.

కాక్టస్_తెలుగు (ఫీనిక్స్)

రెండు పేజీల పద్ధతి బాగుంది, అది తీసుకుంటాను. కానీ కొత్తవాళ్ళు అసలు ఏమీ తెలియకుండా వెళ్తే ఎం33 లాంటి గెలాక్సీలు ఫీల్డ్‌లో (ఐపీస్‌లో కనబడే గుండ్రంలో) ఉన్నా దాటిపోతారు. ఎంత పెద్దదో, సుమారు ఎక్కడుందో అయినా తెలియాలి కదా.

పాత_లోకో (గుత్తి)

సైజు, స్థానం తెలుసుకోవచ్చు. బొమ్మ వద్దు.

మిద్దె_మీద (కర్నూలు)

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. బాబాయ్ గారూ, పది అంగుళాల ఆలోచన పక్కన పెట్టేశాను. నల్ల దుప్పటి లేదు, ముదురు నీలం దుప్పటి ఉంది, చాలనుకుంటా.

ఒక చిక్కుంది. చీకటి చోటుకి నెలకోసారి వెళ్ళడమే గగనం, అది కూడా ఎవరైనా కారు తీస్తేనే. ఊళ్ళో మిద్దె మీద ఎం51 కనబడనే కనబడదు. మరి ప్రాక్టీసు ఎలా? ఇంకొకటి, నాకు బొమ్మలు గీయడం అస్సలు రాదు.

పాత_లోకో (గుత్తి)

మిద్దె మీదే అసలు ప్రాక్టీసు, తల్లీ. బాబాయ్ అన్నావు కాబట్టి చనువు తీసుకుంటున్నాను.

ముందు నీ మిద్దె సంగతి. శ్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి పన్నెండుదాకా కక్కుతుంటుంది. దానిమీద గురుడు ఉడుకుతున్నట్టు కనబడతాడు. సాయంత్రమే రెండు బకెట్ల నీళ్ళు చల్లు, టెలిస్కోప్‌ని గంట ముందే బయట పెట్టు. ఏసీ యూనిట్ల మీదుగా చూడొద్దు. నువ్వు షాపు మూసి వచ్చేది ఆలస్యం కాబట్టి ఈ విషయంలో మాలాంటివాళ్ళకంటే నయమే.

చంద్రుడికి ఊరి వెలుతురుతో పనిలేదు. వెలుగూ చీకటీ కలిసే గీత వెంట ఒక్క గుంట ఎంచుకో, ఒక్కటే. దాని లోపలి నీడ గంటలో ఎంత మారిందో చూడు. శుక్లపక్షం అష్టమి మర్నాడు దక్షిణపు సగంలో "స్ట్రెయిట్ వాల్" అని 110 కిలోమీటర్ల గోడ నల్లటి గీతలా కనబడుతుంది. దాని రెండు చివరలూ ఎలా ముగుస్తున్నాయో రాయి. గురుడైతే ముందే కాగితం మీద కొంచెం నొక్కినట్టున్న గుండ్రాలు గీసి పెట్టుకో. ఆయన పది గంటల్లోపే ఒక చుట్టు తిరిగేస్తాడు, అందుకని పావుగంటలో పట్టీలు గీయడం ముగించాలి. గాలి నిమిషమంతా ఉడికి ఒక్క క్షణం నిలబడుతుంది, ఆ క్షణంలోనే అంతా కనబడుతుంది. దానికోసం కన్ను తీయకుండా కాచుకోవడమే పని. అది ఎన్ని రాత్రులు చేస్తే అంత వస్తుంది.

అన్నిటికంటే నాకిష్టమైనది చెప్తాను, దానికి టెలిస్కోపే అక్కర్లేదు. వెలుగు మారే చుక్కల్ని అంచనా కట్టడం. డెల్టా సెఫీ అనే చుక్క 5.37 రోజులకోసారి 3.5 నుంచి 4.4 మాగ్నిట్యూడ్ (అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు) దాకా దిగి మళ్ళీ పైకెక్కుతుంది. పక్కనే జీటా సెఫీ 3.4, ఎప్సిలాన్ సెఫీ 4.2. ఈ రాత్రి డెల్టా ఆ రెండింటిలో దేనికి దగ్గర? సగమా, పావా? ఆ ఒక్క అంకె రాసి పడుకో. దీని మార్పు 1784లో కనిపెట్టింది జాన్ గుడ్రిక్, ఇరవై ఏళ్ళ కుర్రాడు, చెవిటివాడు. అల్గాల్ అనే చుక్క వెలుగు 2 రోజుల 21 గంటలకోసారి ఎందుకు పడిపోతుందో, దాని ముందు ఇంకేదో అడ్డం వస్తోందని ఊహించింది కూడా ఆయనే. డెల్టా సెఫీ అక్టోబరు, నవంబరుల్లో బాగా కనబడుతుంది. ఈలోపు బీటా లైరే అనే చుక్కతో మొదలుపెట్టు, దానికి పదమూడు రోజులు. పోలికకి పక్కనే గామా లైరే ఉంది.

డ్యూటీలో ఉండగా 2020 ఫిబ్రవరిలో ఆర్ద్ర ఎలా పడిపోయిందో ఈ అలవాటు వల్లే నాకు రోజురోజుకీ తెలిసింది. మామూలుగా రోహిణిని మించి వెలిగే చుక్క, దాదాపు పక్కనున్న బెలాట్రిక్స్ చుక్క స్థాయికి దిగిపోయింది. ఎర్రచుక్కలతో ఒక జాగ్రత్త: తదేకంగా చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ వెలుగుగా అనిపిస్తాయి. చటుక్కున చూసి చూపు తిప్పేయాలి. పైగా ఎవరి కన్ను వారిదే. ఎడమకంటికి శుక్లం తీయించుకున్నాక ఆ కంటితో చూస్తే నాకు అభిజిత్తు నీలం, కుడికంటితో చూస్తే కాస్త పసుపు కలిసినట్టు. ఏ కన్ను నిజం చెబుతోందని అడిగితే డాక్టరు నవ్వి ఊరుకున్నాడు.

బొమ్మలు రావంటావా, ఎవరికి కావాలి అందమైన బొమ్మ? గుండ్రం గీసి, చుక్కల్ని వాటి చోట్లలో పెట్టు, మసకని 2బి పెన్సిల్‌తో రుద్ది వేలితో అలుకు. గీస్తున్నప్పుడు "ఈ మసక ఈ చుక్కని తాకుతుందా, తాకదా" అని చేయి ఆగుతుంది చూడు, దానికోసమే గీయడం.

రాత్రి_షిఫ్ట్ (బెంగళూరు)

గీసేటప్పుడు ఎర్రలైటు కూడా బాగా తగ్గించుకోండి. క్లిప్‌బోర్డుకి కట్టే ఎర్ర ఎల్‌ఈడీలు కొన్ని కళ్ళు మండేంత ఉంటాయి.

మిద్దె_మీద (కర్నూలు)

మే చివర్లో మళ్ళీ అదే తోటకి వెళ్ళొచ్చాం, వానలు రాకముందే అని. జ్యేష్ఠ పక్కన ఎం4 చూశాను. స్థానం, సైజు తప్ప ఏమీ చదవలేదు, ఫోటో చూడలేదు, ఇప్పటికీ చూడలేదు. 120 రెట్లు, దుప్పటి కింద. నేను రాసుకున్నది ఉన్నదున్నట్టు పెడుతున్నాను:

"మొదట మసక ముద్ద. నడుమ పెద్దగా వెలుగు పెరగలేదు. పదినిమిషాల తర్వాత ఓరచూపుతో లోపల చిన్న చుక్కలు వచ్చి పోతున్నాయి. అంచు ఎక్కడో చెప్పలేను, కుడిపక్క తొందరగా అయిపోయింది. నడిమధ్యన చుక్కలు వరసగా ఒక గీత కట్టినట్టున్నాయి, పైనుంచి కిందికి. సూటిగా చూసినా గీత పోలేదు."

ఆ గీత నిజమేనా, నేనే కట్టుకున్నానా?

పాత_లోకో (గుత్తి)

నిజమో కాదో ఇప్పుడే చెప్పను. పైన, కింద, కుడి అంటే మన టెలిస్కోప్‌లో అర్థం లేదు, అన్నీ తిరగబడి ఉంటాయి. ముట్టుకోకుండా వదిలేస్తే చుక్కలు ఫీల్డ్‌లోంచి ఎటువైపు జారిపోయాయి? అటువైపు పడమర. నీ గీత ఆ జారుడు వెంట ఉందా, దానికి అడ్డంగా ఉందా?

మిద్దె_మీద (కర్నూలు)

బొమ్మలో బాణం వేసుకున్నాను, మీరు అడుగుతారని కాదు, తోసుకోవడానికి గుర్తుగా. గీత బాణానికి అడ్డంగా ఉంది. దాదాపు నిటారు.

కాక్టస్_తెలుగు (ఫీనిక్స్)

అంటే ఉత్తర దక్షిణాలు! లోకో గారూ, ఇక చెప్పేయండి. మేడమ్, ఆ గీత ఉంది. ఎం4 చుక్కల గుంపు నడుమ నుంచి ఒక వరస పోతుంది, 1783లో జాన్ తండ్రి విలియం హెర్షెల్ రాసిపెట్టాడు. మీరు ఫోటో చూడకుండా పట్టుకున్నారు. ఫోటోల వాదన నేను ఓడిపోయినట్టేనా?

పాత_లోకో (గుత్తి)

సగం. ఎం33 దగ్గర మీరన్నది సరైనదే.

అమ్మా, గీత సరే. "కుడిపక్క తొందరగా అయిపోయింది" అన్నావు, ఆ కుడిపక్క బాణానికి ఎటువైపు? అది కూడా రాసి, ఇప్పుడు వెళ్ళి ఫోటో చూసుకో. మొదటి పేజీ దిద్దకు.

డాబ్_వీరుడు (హైదరాబాద్)

లోకో సార్, అనంతగిరి వైపు వెళ్ళి పది అంగుళాలతో ఎం51 మీద అరగంట కూర్చున్నాను. రాసింది రేపు పెడతాను. మీరు అడిగే ప్రశ్నలు ముందే చెప్పేస్తే బాగుంటుంది.